పికప్ బండి బ్రేకు ప్యాడ్లు ఎంతకాలము మన్నును?

చిల్లకూరు ప్రాంతమున తెల్లవారకమునుపే పికప్ బండ్ల సందడి మొదలగును. రొయ్యల గుంటల కడ ఐసు పెట్టెల నెక్కించుకొని కొన్ని, నిమ్మకాయల బస్తాలతో గూడూరు మార్కెట్టునకు కొన్ని, మేత బస్తాలతో మరికొన్ని బయలుదేరును. ఒకనాడు ఎద్దుబండి చేసిన పనిని నేడీ చిన్నబండి చేయుచున్నది. ఎద్దును నిలుపుటకు పగ్గము చాలును. సరకుతో కలిసి మూడు టన్నులు తూగు బండిని నిలుపునవి మాత్రము ముందు చక్రముల కడ అరచేతిలో ఇముడునట్టి నాలుగు ప్యాడ్లును, వెనుక డ్రమ్ములలోని లైనింగులును మాత్రమే.

"ఇవి ఎన్నాళ్లు వచ్చును?" అని బండి కొన్న ప్రతివాడును అడుగును. "ఏడాదికొకసారి మార్చిన చాలును" అను సమాధానము తరచుగ వినవచ్చును. ఈ సమాధానము కొందరికి వృథావ్యయమును, కొందరికి ప్రాణాపాయమును తెచ్చును. ఏలననగా ప్యాడు కాలముచే అరుగదు, రాపిడిచే అరుగును.

కిలోమీటర్ల లెక్క

స్థూలముగ చెప్పవలెనన్న, ముందు ప్యాడ్లు 30 వేలు మొదలు 60 వేల కిలోమీటర్ల వరకు వచ్చును. అధికభారము మోయు బండికి ఇందులో సగమే రావచ్చును. చిల్లకూరు నుండి చెన్నపట్టణమునకు పోయివచ్చుట 260 కిలోమీటర్లకు పైమాట. నెలకు ఇరువది పర్యాయములు పోయివచ్చు బండి ఆరు నెలలలోనే 30 వేలు దాటును. దినమునకు 30 కిలోమీటర్లు మాత్రము తిరుగు బండికి ఆ దూరము సాగుటకు వేయి దినములు, అనగా మూడేండ్లకు కొంచెము తక్కువ పట్టును. ఇరువురికిని ఒకే గడువు ఎట్లు చెల్లును?

బరువు, వేగము, వేడి

బ్రేకు తొక్కగానే బండి వేగమంతయు వేడిగా మారును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు మూడు టన్నుల బండిని ఒక్కసారి పూర్తిగా నిలిపినచో పుట్టు వేడి, లీటరునకు పైగా నీటిని మరిగించుటకు చాలును. బరువు ఒకటిన్నర రెట్లయిన వేడియు ఒకటిన్నర రెట్లగును. వేగము రెట్టింపయిన వేడి నాలుగు రెట్లగును. కావున పరిమితికి మించి ఐసును, సరకును నింపి జాతీయ రహదారిపై తొందరపడువాడు తన ప్యాడ్లను తానే కాల్చుకొనుచున్నాడు. మితిమీరి వేడెక్కిన ప్యాడు పట్టు సడలి, ఎంత తొక్కినను బండి నిలువదు. తిరుమల వంటి కనుమదారిలో దిగునప్పుడు ఈ ప్రమాదము మరింత హెచ్చు. అచట తక్కువ గేరులో దిగి, బ్రేకును అవసరమైనప్పుడే వాడవలెను.

ఈ చిక్కు నేటిది కాదు. ఆంగ్లదేశమున బండ్లవారు చక్రమునకు ఒత్తు చెక్కకు పాత బూటు తోలును తొడుగుట చూచి, హెర్బర్ట్ ఫ్రూడ్ అను నతడు 1897లో మేలైన బ్రేకు దిమ్మల తయారీకి పూనుకొనెనని చెప్పుదురు. తరువాత చాలకాలము లైనింగులలో రాతినార వాడిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. కావున ఏ బ్రేకు ధూళినైనను నోటితో గాని గాలి గొట్టముతో గాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

తీరప్రాంతపు శత్రువులు

మన ప్రాంతము చదునైనది. ఇది ప్యాడ్లకు మేలు. కాని ఉప్పుగాలి, రొయ్యల పెట్టెల నుండి కారు ఉప్పునీరు ఇనుమును తుప్పుపట్టించును. ప్యాడ్లను కదలించు పిన్నులు తుప్పుతో బిగిసిన యెడల, బ్రేకు వదలినను ప్యాడు డిస్కును వీడదు. అప్పుడొక ప్రక్క ప్యాడు పూర్తిగా అరిగి, రెండవ ప్రక్కది కొత్తదివలె నుండును. చిల్లకూరు, కోట ప్రాంతముల సిలికా ఇసుకయు డిస్కుకును ప్యాడుకును నడుమ చేరి రెండింటిని గీరును. సరకు దింపిన పిమ్మట చక్రములను మంచినీటితో కడుగుట మేలు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు తక్కువ వేడికే మరిగి, బుడగలు కట్టి, పెడలును మెత్తబరచును. దానిని రెండేండ్లకొకసారి మార్చవలెను. ఆయిలు మట్టము తగ్గిన వెంటనే పోసి ఊరకుండరాదు. ప్యాడ్లు అరిగినను మట్టము తగ్గునని గుర్తుంచుకొనవలెను.

కంటితో చూచి మార్చుడు

కొత్త ప్యాడుపై రాపిడి పదార్థము సుమారు 10 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెను. 5 వేల కిలోమీటర్లకొకసారి చక్రము విప్పించి చూడుడు. వెలుపలి ప్యాడును మాత్రమే చూచి తృప్తిపడక, లోపలి దానిని కూడ చూడుడు. ఒక చక్రమునకు మార్చిన రెండవ చక్రమునకును మార్చవలెను. లేనిచో బండి ఒక ప్రక్కకు లాగును. కొత్తవి వేసిన తరువాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు బ్రేకును మెల్లగా వాడవలెను. వెనుక లైనింగులు ఎక్కువకాలము వచ్చినను వానిని మరువరాదు.

కీచుమను ధ్వని మొదటి హెచ్చరిక. గరగరమను ధ్వని వినిపించెనా, ప్యాడు అయిపోయి ఇనుము ఇనుమును గీరుచున్నదన్నమాట. అప్పుడు ప్యాడుతోపాటు డిస్కునకును వెల చెల్లింపవలసి వచ్చును.

సోదరులారా! సాయంకాలము గుంటల కడనుండి కూలివారు నడచి వచ్చు దారి అదియే, బడిపిల్లలు దాటు దారియు అదియే. ఆ దారిన ఒక గేదె అడ్డువచ్చిన క్షణమున మీ చేతిలోని స్టీరింగు కంటె మీ కాలిక్రింది బ్రేకే ముఖ్యము. సరకు బండిలో మనుషుల నెక్కింపకుడు. ఈ వారమే ఒక పూట తీరిక చేసికొని చక్రము విప్పించి, ప్యాడును మీ కంటితో చూచుకొనుడు.