అంగుళం దాటిన బుడగ

మెదడు రక్తనాళం గోడ బలహీనపడి ఒకచోట ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. చాలావరకు ఇవి సెంటీమీటరు లోపే ఉంటాయి. 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, చేరితే డాక్టర్లు జెయింట్ ఎన్యూరిజం అని వేరుగా లెక్కేస్తారు. నూటికి అయిదు దాకా ఉండే ఈ పెద్ద బుడగలు చాలాసార్లు పగలకముందే బయటపడతాయి. చూపునరాన్ని నొక్కితే చూపు మెల్లగా తగ్గుతుంది. కంటిగుడ్డును తిప్పే నరాన్ని నొక్కితే రెప్ప వాలుతుంది, ఒక్కటి రెండుగా కనిపిస్తుంది. మన నెల్లూరు తీరంలో, మైపాడులోనో జువ్వలదిన్నెలోనో ఇలా అయిన మనిషి ముందుగా వెళ్లేది కళ్లద్దాల షాపుకే. అద్దాలు మార్చినా చూపు కుదరకపోతే సముద్రపు ఎండ మీదో షుగర్ మీదో నెపం పెట్టి ఊరుకుంటారు.

నెల్లూరు తీరం వాళ్లకు నేను గట్టిగా చెప్పదలచింది ఒకటుంది. పగలని పెద్ద బుడగ విషయంలో దూరాభారం కంటే అనుభవం చాలని చెయ్యే ఎక్కువ ప్రమాదం. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, మెదడు ముందువైపు నాళాల మీది జెయింట్ బుడగలు అయిదేళ్లలో పగిలే అవకాశం 40 శాతం, వెనకవైపువాటికి 50 శాతం. కపాలం అడుగున కావర్నస్ సైనస్‌లో ఉంటే 6 శాతమే. ఆ అధ్యయనంలో జెయింట్ కేసులు తక్కువ కాబట్టి అంకెలను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. అయినా రెండు సంగతులు తేలుతున్నాయి. చాలా బుడగలను అలా వదిలేయడం కుదరదు. అలాగని సగటున నెలకు ఒక శాతం కూడా దాటని ముప్పుకు భయపడి, దొరికిన మొదటి ఆపరేషన్ టేబుల్ ఎక్కేయాల్సిన పనీ లేదు. రెప్ప ఉన్నట్టుండి వాలినా, తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

అనుభవం అంతగా ఎందుకంటే, ఈ ఆపరేషన్ తీరే అలాంటిది. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ మొదటిసారి బుడగ మెడకు క్లిప్ వేసి రక్తం వెళ్లకుండా ఆపాడు. చిన్న బుడగకు నేటికీ అదే సూత్రం. పెద్దదానికి మెడ వెడల్పు, గోడలో సున్నం పేరుకుని ఉంటుంది, లోపల గడ్డకట్టిన నెత్తురు, క్లిప్ జారిపోతుంది. అందుకని నాళాన్ని కాసేపు బిగించి, బుడగను కోసి, గడ్డను తీసి, ఒకటికి నాలుగు క్లిప్పులతో గోడను మళ్లీ కూర్చాల్సి వస్తుంది. వెనక దాక్కున్న సన్నని కొమ్మ ఒక్కటి నలిగినా కాలూ చెయ్యీ పడిపోవచ్చు.

అదీ కుదరకపోతే నాళాన్నే మూసేస్తారు. పెన్నా కాలువ షట్టరు దించేముందు చివరి ఆయకట్టుకు వేరే నీటి దారి ఉందో లేదో చూసుకోవాలి కదా, ఇక్కడా అంతే. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, మెడలోని కెరోటిడ్ నాళంలో చిన్న బెలూన్ ఊది, అరగంట దాకా మూసి ఉంచుతారు. రోగి మెలకువగానే ఉంటాడు. ‘చెయ్యెత్తండి, మీ ఊరి పేరు చెప్పండి’ అని అడుగుతూనే ఉంటారు. మాట తడబడినా పిడికిలి వదులైనా బెలూన్ దించేస్తారు. అలాంటి వాళ్లకు బైపాస్ తప్పదు: ముంజేతి ధమనినో కాలి సిరనో తీసి, వెంట్రుక కంటే సన్నని దారంతో మెదడు నాళానికి కుట్టాలి. ఎప్పుడో ఒకసారి చేసే చేతికి ఇది పట్టుబడే పని కాదు.

ఇప్పుడు స్టెంట్లు వచ్చాయి, కపాలం తెరవడమెందుకని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటలో చాలా నిజముంది. రక్తప్రవాహాన్ని బుడగ నుంచి మళ్లించే పైప్‌లైన్ అనే స్టెంట్‌కు (ఫ్లో డైవర్టర్) 2011లో అమెరికా అనుమతి వచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో 107 మందికి చికిత్స చేస్తే ఆరు నెలలకు దాదాపు 74 శాతం మందిలో బుడగ పూర్తిగా మూసుకుంది. నూటికి ఆరుగురి దాకా పెద్ద పక్షవాతమో మరణమో ఎదురైంది. బుడగ మూసుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానకూడదు. వేటకు వెళ్లి వారం తర్వాత ఒడ్డుకు చేరే మనిషి మాత్రలు ఇంట్లో మరిచిపోతే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చు. కత్తి, స్టెంట్ రెండూ చేతనైన బృందం ఉన్నచోటే ఎవరికి ఏది తగునో నిజాయితీగా తేలుతుంది. ఒక్కటే చేతనైనచోట ఆ ఒక్కటే మంచిదని చెబుతారు, మానవ సహజం.

రెండు మెడికల్ కాలేజీలున్న నెల్లూరులోనే ఇవన్నీ పెట్టొచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న. భవనం, మైక్రోస్కోపు కొనొచ్చు. ఇంత అరుదైన జబ్బుకు ఒక్క జిల్లాలో చేతికి అలవాటయ్యేన్ని కేసులు రావు. 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టినప్పుడు నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. చెన్నై ఇప్పటికీ మూడు నాలుగు గంటల దారి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఇంకా దగ్గర. డబ్బు మాటేమిటంటే, అది చిన్న అభ్యంతరం కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కార్డు పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో, ఫలానా స్టెంట్‌కు చెల్లుతుందో లేదో బయల్దేరకముందే కనుక్కోవాలి. జిల్లాలో చేయాల్సింది కళ్ల డాక్టరు దగ్గరే మొదలవుతుంది: వాలిన రెప్పను చూసి యాంజియోగ్రామ్ స్కాన్ రాయడం, బీపీ దించడం, చుట్టా బీడీ మాన్పించడం, తిరిగొచ్చాక మాత్రలు ఆగకుండా చూడడం.

బుడగ పగిలితే ఈ లెక్కంతా మారుతుంది. అప్పుడు చెన్నై అని కారెక్కించకూడదు. 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికే చేర్చాలి. అక్కడ ఊపిరి, బీపీ కుదుటపరిచాక పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి, స్కాన్ చేతికిచ్చి అంబులెన్స్‌లో పంపిస్తారు.