చీనా వైద్యము – సూదిచికిత్స



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము చీనా దేశపు వైద్యమును గూర్చినది. మోకాలి నొప్పిచేతనో నడుము నొప్పిచేతనో బాధపడువారికి “సూదులు గ్రుచ్చించుకొనుడు, తగ్గును” అని చెప్పువారు నేడు మన పట్టణములలోను గలరు. ఆ మాట విన్నవారికి రెండు సందేహములు కలుగుట సహజము. సూదులు గ్రుచ్చిన నొప్పి పెరుగవలెను గాని తగ్గుట యెట్లు? తగ్గునేని, అన్ని రోగములును తగ్గునా, కొన్నియే తగ్గునా? మొదటి ప్రశ్న వేడుకకు వేయునది. రెండవదానిపై ఒక్కొక్కప్పుడు ప్రాణమే ఆధారపడి యుండును. కావున రెండింటికిని నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పెదను.

చీనా వైద్యమునకును మన దేశమునకును పరిచయము చాల పాతది. క్రీ. శ. 671లో చీనానుండి బయలుదేరి వచ్చి, నలందలో సుమారు పది సంవత్సరములు విద్యాభ్యాసము చేసిన ఇత్సింగు అను బౌద్ధభిక్షువు, తన గ్రంథమున మన వైద్యమును గూర్చి ఆదరముతో వ్రాసెను. అజీర్ణాది రోగములకు లంఘనము మేలను మన పద్ధతిని తన దేశీయులకు బోధించెను. అయినను సూదిచికిత్సయందును నాడి చూచుటయందును తన దేశమును మించినది జంబూద్వీపమున లేదని చెప్పుటకు ఆయన వెనుదీయలేదు.

ఈ వైద్యమునకు మూలగ్రంథము ‘హువాంగ్ దీ నెయిజింగు’. సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట కూర్పబడినది. దాని ప్రకారము శరీరమున ‘చీ’ అను ప్రాణశక్తి సంచరించుచుండును. ఈ మాట మన చెవికి చీదరింపువలె వినబడును గాని, చీనావారికి అది ఊపిరి, ఆవిరి, శక్తి అను అర్థములనిచ్చు గౌరవపదము. ఆ శక్తి పండ్రెండు ముఖ్యమార్గములగుండ ప్రవహించుననియు, పొలమునకు నీరు తెచ్చు కాలువ పూడినప్పుడు మడి యెండినట్లు, ఆ ప్రవాహము ఆగినచోట నొప్పి పుట్టుననియు వారి సిద్ధాంతము. ‘యిన్’, ‘యాంగ్’ అని రెండు గుణములను వారు చెప్పుదురు. ఆ మాటలకు మొదటి అర్థము కొండకు నీడవైపు, ఎండవైపు అని. చల్లదనము, నిశ్చలత మొదటిదాని లక్షణములు. వేడిమి, చలనము రెండవదానివి. ఈ రెండును సమముగా నున్న ఆరోగ్యము, తప్పిన రోగము. వాత పిత్త కఫముల సామ్యమును గూర్చి విన్న మనకు ఈ ఆలోచన కష్టము కాదు.

ఇచ్చట ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఈ పండ్రెండు మార్గములు నరములవలెను రక్తనాళములవలెను శరీరమును కోసి చూచినవారికి కానరాలేదు. పూర్వులు తమ అనుభవమును మరువకుండుటకు గీచుకొన్న పటములుగా వానిని తలచుట మేలని నా అభిప్రాయము. పటము తప్పైనను దానివెంట నడచినవారు కొన్ని మంచి చోట్లకు చేరియుండవచ్చును. ఏయే చోట్లకు చేరిరో పరీక్షించి తెలిసికొనవలెను.

చీనా వైద్యుడు రోగిని నాలుగు విధముల పరీక్షించును. మొదట చూచును, ముఖచ్ఛాయను, ముఖ్యముగా నాలుకను, దాని రంగును, పైపూతను గమనించును. రెండవది, మాటను దగ్గును వినుట, వాసనను పసికట్టుట. వారి భాషలో ఈ రెండింటికిని ఒకటే మాట. మూడవది అడుగుట: చలియా వేడియా, చెమట పట్టునా, దాహమున్నదా, నిద్ర యెట్లు, విరేచన మెట్లు అని. నాలుగవది తాకుట. రెండు మణికట్టులయందును మూడేసి వ్రేళ్లుంచి, తేలికగా నొకసారి, గట్టిగా నొకసారి నొక్కి నాడి చూచును. బసవరాజీయము చదివిన పెద్దలకు నాడీపరీక్ష క్రొత్తది కాదు.

ఇన్ని ప్రశ్నలెందుకు? ఒక ఉదాహరణమునుబట్టి తెలియును. ఇద్దరికి పడిసెము పట్టి, చలియు జ్వరమును వచ్చినవనుకొనుడు. ఒకనికి చెమట పట్టుచున్నది, గాలి సోకిన ఓర్వలేడు. రెండవవానికి చెమటయే లేదు, ఒళ్లంతయు నొప్పులు. క్రీ. శ. 200 ప్రాంతమున నుండిన జాంగ్ జోంగ్‌జింగు అను వైద్యుడు ఈ ఇద్దరికి వేర్వేరు కషాయములు విధించెను. మొదటివానికి దాల్చినిరెమ్మ, పియోనీ వేరు, అల్లము, చీనారేగు, అతిమధురము కలిపి కాచి యిచ్చి, వెంటనే వేడివేడి పలుచని గంజి త్రాగించి, కప్పుకొని పరుండుమనును. రెండవవానికి చెమట పుట్టించు ‘మాహువాంగ్’ అను మూలికను చేర్చును. రోగము పేరొక్కటే, రోగులు వేరు, మందులు వేరు. మాహువాంగునుండియే ఎఫిడ్రిన్ అను మందు లభించినది. అది ఉబ్బసమునకు ఉపకరించినది. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారికి అపాయము కూడ చేయగలది. ఒకనికి మేలు చేసిన కషాయమును చూచి మరియొకడు త్రాగరాదనుటకు ఇదియే నిదర్శనము.

ఇక సూదుల సంగతి. క్రీ. పూ. 113లో మరణించిన లియూ షెంగ్ అను రాజు సమాధిలో బంగారు సూదులు, వెండి సూదులు దొరకినవి. నేటి సూది ఉక్కుది. ఇంచుమించు వెండ్రుకవలె సన్ననిది. దానిలో మందుండదు. నిర్ణీతస్థానములు 361 గలవు. వానిలో కావలసిన కొన్నిటియందు సూదులు గ్రుచ్చి, ఇరువది, ముప్పది నిమిషములుంచి తీసివేయుదురు. గ్రుచ్చినచోట బరువుగానో తిమ్మిరిగానో తోచును.

మోకాలిచిప్ప క్రింది అంచునకు నాలుగు వ్రేళ్ల దిగువను, ముందరి యెముకకు ఒక వ్రేలి వెడల్పు వెలుపలను ఒక స్థానము కలదు. కాలినొప్పులకును కడుపు బాధలకును దానిని వాడుదురు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడిమి కండయందలిది తలనొప్పికి, పంటినొప్పికి. గర్భిణులకు అచ్చట గ్రుచ్చరాదని వారి నియమము. మణికట్టు ముడుతకు మూడు వ్రేళ్ల పైన, లోపలివైపు రెండు స్నాయువుల నడుమనున్నది వాంతికిని వికారమునకును. శస్త్రచికిత్స పిదప కలుగు వాంతులను ఈ స్థానము కొంత తగ్గించునని పరీక్షలలో తేలినది. సూది లేకుండ వ్రేలితో నొక్కినను చాలును.

సూదితోపాటు కాపడమును గలదు. మనము వినాయకచవితినాడు పూజించు మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, దూదివలె నలిపి, చుట్టగా చుట్టి అంటించి, చర్మమునకు దగ్గరగా పట్టుదురు. శీతమువలన కలిగినవని వారు తలచు నొప్పులకు ఇది వారి చికిత్స.

ఈ సూదులు నిజముగా పనిచేయునా? జర్మనీలో చాలకాలముగా నడుము నొప్పితో బాధపడుచున్న 1,162 మందిని మూడు భాగములుగా చేసి పరీక్షించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. ఒక భాగమువారికి శాస్త్రోక్తస్థానములలో సూదులు గ్రుచ్చిరి. రెండవవారికి స్థానములు కాని చోట్ల పైపైన గ్రుచ్చిరి. మూడవవారికి మామూలు మందులు, వ్యాయామము మున్నగునవి. ఆరునెలలకు మొదటివారిలో నూటికి సుమారు 48 మందికి, రెండవవారిలో 44 మందికి, మూడవవారిలో 27 మందికి గుణము కనబడినది. దీనినిబట్టి, దీర్ఘకాలపు నొప్పికి సూదులవలన మేలున్నదనుట నిజము; సరియైన స్థానమువలన కలుగు అదనపు మేలు స్వల్పమనుటయు నిజమే. పోటు నరములను కదలించినప్పుడు మెదడు తనంతట తాను నొప్పిని మాన్పు ద్రవములను పుట్టించునని కొందరి వివరణము. వైద్యుని ఓపిక, స్పర్శ, రోగి నమ్మకము కూడ కొంత పనిచేయును. మోకాలి అరుగుదల నొప్పి, నడుము, మెడ, తరచు వచ్చు తలనొప్పి, వీనికి సూదిచికిత్స ఒక ఊరట. అరిగిన కీలును అది మరల పెంచదు.

జ్వరములకు మాత్రము సూదిని నమ్మరాదు. మలేరియాక్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఆ వ్యాధికి మందు వెదకుటకై 1967లో చీనా ప్రభుత్వము విద్వాంసులను నియమించెను. వారిలో తూ యూయూ అను స్త్రీ, నాలుగవ శతాబ్దపు గె హోంగు గ్రంథమును చదువుచు, మాచిపత్రి జాతిదే యగు మరియొక మూలికను నీటిలో నానబెట్టి పిండిన రసమును జ్వరరోగికి త్రాగించుమను మాటను గమనించెను. కాచుమని లేదు. వేడికి గుణము నశించుచున్నదేమోయని తలచి, ఈథరుతో తక్కువ వేడిని సారము తీయగా అది పనిచేసెను. జంతువులపై పరీక్షించి, పిదప 1972లో తానే త్రాగి చూచి, ఆ మీదట రోగులకిచ్చెను. అదియే ఆర్టిమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. పాతగ్రంథమునందలి మాటను ఆమె త్రోసివేయలేదు, పరీక్షింపక నమ్మనూలేదు.

అపాయములును చెప్పవలెను. శుభ్రము లేని సూదివలన కామెర్ల వ్యాధి అంటుకొనును. రొమ్ముపై లోతుగా గ్రుచ్చిన ఊపిరితిత్తికి తూటు పడవచ్చును. 1990 తరువాత బెల్జియములో, బరువు తగ్గుటకని చీనా మూలికల మాత్రలు మ్రింగిన నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడినవి. ఒక మూలికకు మారుగా మన ఈశ్వరి జాతికి చెందిన వేరు అందులో కలిసినది. మూలిక గనుక హాని లేదనుట భ్రమ.

కావున సూదిచికిత్సకు పోదలచిన పెద్దలు, మొదట వైద్యునిచేత నొప్పికి కారణమును నిర్ణయింపజేసికొనుడు. శిక్షణ పొందినవానినే ఆశ్రయించి, మీ కన్నులయెదుట విప్పిన క్రొత్త సూదులనే వాడించుకొనుడు. మధుమేహమున్నను, రక్తమును పలుచబరచు మందులు వాడుచున్నను ముందే చెప్పుడు. సూదులను నమ్మి, వాడుచున్న మందులను మానకుడు.

గుండెలో పట్టినట్లు నొప్పి వచ్చి చెమటలు పోసినను, మూతి వంకరపోయి మాట తడబడినను, ఒక చేయి గాని కాలు గాని పడిపోయినను, ఆ గడియలో సూదులవానికొరకు వెదకకుడు. పక్షవాతమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు నాలుగున్నర గంటలలోపలనే యీయవలెను. బండి కట్టించుకొని పెద్ద ఆసుపత్రికే పొండు.

నొప్పి యెచ్చటనని మాత్రమే అడిగి ఊరకుండక, నిద్రయెట్లు, ఆకలియెట్లు, చెమటయెట్లు అని ఓపికతో అడుగుట చీనా వైద్యుని మంచిగుణము. మీ యింట నెవరైన జబ్బుపడినప్పుడు మీరును అట్లే అడిగి, ఆ వివరములను వైద్యునికి చెప్పుడు. సగము చికిత్స అందే కలదు.

సెలవు.