ఇనుమును వినే చెవి

“మామా, గెయిన్ పెంచితే మొత్తం ముద్దయితుంది. ఏ తీగ కొట్టినా ఒక్క తీరే ఇనవడ్తుంది. కొత్త పెడల్ కొనాల్నా?”

మేనల్లుడు అచ్చంపేట నుంచి బస్సులో గిటార్ మోసుకొని అమ్రాబాద్ దాకా వచ్చింది ఈ ఒక్క మాట అడగడానికే. వాడు పెడల్ గురించి అడుగుతుంటే నా చూపు పికప్‌ల మీద పడింది. రెండూ తీగల కింద రూపాయి బిళ్ళ కూడా దూరనంత పైకి ఎక్కి ఉన్నాయి. దగ్గర పెడితే సౌండ్ గట్టిగా వస్తుందని ఎవరో చెప్పారట. గట్టిగా వచ్చే మాట నిజమే. ముద్ద మొదలయ్యేది కూడా అక్కడే.

పికప్‌ను చిన్న మైకు అనుకునేవాళ్లు చాలామంది. మైకు గాలిలోని అలను వింటుంది. పికప్‌కు గాలితో పని లేదు. అది ఇనుము కదలికను వింటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు, అంతే దాని సరంజామా. పైనున్న ఉక్కు తీగ ఆ అయస్కాంతం వల్ల తానూ కొంచెం అయస్కాంతమవుతుంది. తీగ ఊగితే చుట్టలోని అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, రాగిలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే లండన్‌లో కనిపెట్టిన సూత్రమే ఇది. మన డైనమోలు, జలవిద్యుత్ కేంద్రాలు నడిచేదీ ఆ సూత్రం మీదే. మాకు దగ్గర్లోని శ్రీశైలం టర్బైన్ల దగ్గర జరిగేదే గిటార్ నడుమ గోరంత మోతాదులో జరుగుతుంది.

ఇనుము లేకపోతే పికప్ చెవిటిది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు మా నల్లమల కిన్నెర వాద్యం గుర్తొస్తుంది. పూర్వం కిన్నెరకు గుర్రపు వెంట్రుకలు, జంతువుల నరాలు తీగలుగా కట్టేవాళ్లు. అలాంటి తీగ కింద ఇలాంటి అయస్కాంతపు పికప్ ఏది పెట్టినా చప్పుడు రాదు. కిన్నెర తన బలాన్ని సొరకాయ బుర్రల నుంచి తెచ్చుకుంది. తీగ అదిరితే దండె అదురుతుంది, దండె అదిరితే బుర్రలోని గాలి అదురుతుంది. మెట్లను దండె మీద నిలబెట్టేది తేనెమైనం. ఆ మైనం సంగతి తర్వాత చెబుతాను. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరను భుజాన వేసుకొని ఊరూరా పాడి, 2022లో పద్మశ్రీ అందుకునే దాకా ఈ వాద్యం పేరు కూడా తెలియనివాళ్లు ఎందరో. బుర్రతో నడిచే వాద్యానికి ఒక హద్దుంది. పది డప్పుల పక్కన అది వినపడదు.

అమెరికాలో గిటార్‌కూ అదే కష్టం వచ్చింది. 1920లలో డ్యాన్సు హాళ్లలో ట్రంపెట్లు, డ్రమ్ముల మధ్య గిటార్ చప్పుడు మునిగిపోయేది. లాస్ ఏంజిలిస్‌లో హవాయి గిటార్ వాయించే జార్జ్ బోషాంప్ దీని వెంట పడ్డాడు. ఇంట్లో వాడే మోటారుతో రాగితీగ చుట్టి, గుర్రపునాడా ఆకారపు రెండు అయస్కాంతాలను తీగల చుట్టూ అమర్చాడు. 1931లో ఆ పికప్‌ను చెక్కతో చెక్కిన గిటార్‌కు బిగించారు. తర్వాత అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి అల్యూమినియంలో పోతపోయించి అమ్మకానికి పెట్టారు. గుండ్రని ఒళ్లు, పొడుగు కాడ చూసి జనం దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టారు. 1934లో పెట్టుకున్న పేటెంట్ దరఖాస్తు 1937 ఆగస్టులో గానీ మంజూరు కాలేదు. ఆ మూడేళ్లలో ఆలోచన నలుగురి చేతుల్లో పడింది. గిబ్సన్ కంపెనీ 1936లోనే తన ఎలక్ట్రిక్ గిటార్ ఈఎస్-150ని తెచ్చింది.

ఈ చెవికి ఒక జబ్బు ఉంది. ఇనుము ఊగినా, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం ఊగినా దానికి ఒకటే. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు. ఆ గుంయ్‌మనే మోత తీగ మోతతో కలిసే యాంప్‌లోకి పోతుంది. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో దీనికి మందు కనిపెట్టాడు. ఒకే పికప్‌లో రెండు చుట్టలు పెట్టాడు. రెండో చుట్టను తిరగేసి కలిపాడు, దాని అయస్కాంత ధ్రువాన్ని కూడా తిరగేశాడు. బయటి నుంచి వచ్చే మోత రెండింటిలో ఎదురుబొదురుగా పుట్టి రద్దవుతుంది. తీగ మాట మాత్రం రెండుసార్లు తిరగబడి మళ్లీ ఒకే దిక్కుకు వచ్చి, రెండూ కలిసి బలపడుతుంది. ఇదే హంబకర్. చేత్తో తడిమి చూడగలిగినంత చిన్న వస్తువులో ఇంత చక్కని లెక్క ఇమడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన తెలుగు నేల మీద పికప్ ఏం చేయగలదో చూపించింది పాలకొల్లులో పుట్టిన పిల్లవాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. అందుకని ఆయన ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. ఒంటి తీగకు గొంతు చిన్నది, ఆ లోటును పికప్ తీర్చింది. నాదం ఆరిపోకుండా గమకం చివరి వంపు దాకా నిలిచింది. ఆయన దాంతో స్వచ్ఛమైన నాదాన్ని తీశాడు. మా వాడికి కావలసింది చిరిగిన నాదం, డిస్టార్షన్.

ఆ చిరుగు మొదట ప్రమాదం. గెయిన్ పెంచి యాంప్‌కు మోయలేనంత సిగ్నల్ పంపితే అల కొస తెగిపోతుంది. 1958లో అమెరికా గిటారిస్టు లింక్ రే స్పీకర్ కాగితానికి చిల్లులు పొడిచి మరీ ఆ గరగర తెచ్చుకున్నాడు. కొస తెగిన అలలో కొత్త స్వరాలు పుడతాయి. రెండు తీగలు కలిపి కొడితే వాటి కూడికలు, తీసివేతలు కూడా వినబడతాయి. సెకనుకు 110 ఊపుల షడ్జమం, 165 ఊపుల పంచమం కలిసి చిరిగితే తేడా 55. అది అదే షడ్జమం, ఒక స్థాయి కింద. అందుకే రాక్ గిటారిస్టులు షడ్జమ పంచమాలతోనే పవర్ కార్డ్ కడతారు. తంబురా శ్రుతి వెనుక ఉన్న పొత్తే ఇది. అదే గిటార్ మెట్ల మీద అంతర గాంధారం కలిపితే తేడా 28.6 దగ్గర పడుతుంది. షడ్జమానికి రెండు స్థాయిల కింది స్వరం 27.5 మాత్రమే. ఆ రెండూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. గెయిన్ ఎక్కువైన కొద్దీ ఈ రాపిడి మిగతా అన్నింటినీ కప్పేస్తుంది.

అంటే ముద్ద పుట్టేది గెయిన్‌లో, కానీ దాన్ని ఆపాల్సింది గెయిన్‌కు ముందు. చిరిగిపోయిన తర్వాత ఏ నాబ్ తిప్పినా విడదీయలేం. నా మాట ఒకటే. పెడల్ కొనే ముందు స్క్రూడ్రైవర్ పట్టాలి.

చివరి మెట్టు మీద ఆరో తీగను వేలితో అదిమి పట్టమన్నాను. పికప్‌కు అటూ ఇటూ ఉన్న స్క్రూలను పావు చుట్టు చొప్పున తిప్పుతూ కిందికి దించాం. నెక్ వైపు పికప్‌ను రెండున్నర మిల్లీమీటర్ల దాకా దించాం. అక్కడ తీగ వెడల్పుగా ఊగుతుంది, బాస్ ఎక్కువ. బ్రిడ్జి వైపు రెండు మిల్లీమీటర్ల లోపే ఆపాం. లావు తీగల వైపు ఇంకొంచెం కిందికి. లావు తీగలో ఉక్కు ఎక్కువ కాబట్టి అదే ముందు యాంప్‌ను ముంచేస్తుంది. అయస్కాంతం మరీ దగ్గరుంటే తీగను తనవైపు గుంజుతుంది, స్వరం వణుకుతుంది, తొందరగా చచ్చిపోతుంది. ప్రతి పావు చుట్టుకూ ఆగి, ఒకే కార్డ్ కొట్టి, విని, మళ్లీ తిప్పాం. కొలబద్ద మొదటి అంచనాకే. ఎక్కడ ఆపాలో చెప్పేది చెవి.

తర్వాత వెనక మూత విప్పాం. వాల్యూమ్ పాట్ మీద 250 కిలో ఓమ్‌లు అని ఉంది. వాడి పికప్‌లు హంబకర్లు. వాటికి అది బరువు, పై స్వరాలను తినేస్తుంది. మరోసారి హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 500ది తెచ్చి టంకం పెట్టాను. టోన్ నాబ్ వెనుక ఉండే కెపాసిటర్ పని, పై స్వరాలకు నేలకు పోయే దారి చూపడం. నాబ్ తగ్గించేకొద్దీ ఆ దారి వెడల్పవుతుంది. హై గెయిన్‌లో బ్రిడ్జి పికప్‌కు దాన్ని పూర్తిగా తెరిచే ఉంచాలి. చెవిలో గుచ్చుకుంటే కొద్దిగా తగ్గించాలి. వాల్యూమ్‌ను పది నుంచి ఏడుకు దించితే చాలాసార్లు చిరుగు తేటపడుతుంది. పెడల్ వాడేవాళ్లకు కూడా సూత్రం ఇదే. పేరుమోసిన ట్యూబ్ స్క్రీమర్ చేసేది చిరగక ముందే బాస్‌ను తగ్గించడం.

ఇంతా చేశాక కీచు మిగిలింది. గెయిన్ చివరికి తిప్పి వాడు ఆగితే చాలు, పికప్ విజిల్ వేసినట్టు అరుస్తోంది. లోపల రాగి చుట్లు వదులుగా ఉంటే స్పీకర్ అదురుకు అవీ అదురుతాయి. అప్పుడు పికప్ నిజంగానే మైకుగా మారుతుంది. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఈ కీచు ఆపడానికే తన పికప్‌ను కరిగిన మైనంలో ముంచాడు. మా ఇంట్లో చెంచులు తెచ్చిన తేనెమైనం ముద్ద ఉంది, కిన్నెర మెట్లను నిలబెట్టే మైనమే. కొవ్వొత్తుల మైనం నాలుగు పాళ్లు, ఇది ఒక పాలు కలిపాం. మంట మీద నేరుగా పెట్టలేదు, మైనం అంటుకుంటుంది. వేడి నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె దించి, 65 డిగ్రీలు దాటకుండా చూశాం. దాటితే ప్లాస్టిక్ అచ్చు వంకరపోతుంది. పికప్‌ను మెల్లగా దించగానే చుట్ల మధ్య నుంచి సన్నని బుడగలు ఒక్కొక్కటే లేచాయి. వాడు గిన్నె మీదికి వంగి వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు బుడగలు ఆగాయి. ఇల్లంతా తేనె వాసన.

చల్లారాక బిగించి, అదే యాంప్, అదే గెయిన్ మీద వాయించాడు. కార్డ్‌లో షడ్జమం ఒక పక్క, పంచమం ఒక పక్క నిలబడ్డాయి. మీది తీగ వాటి నడుమ నుంచి విడిగా పలికింది. ఉన్నట్టుండి తీగల మీద అరచెయ్యి వేసి ఆపాడు. యాంప్‌లో సన్నగా సర్రుమనే చప్పుడు. దాని మీదుగా ఇంట్లో ఫ్యాను తిరగడం వినబడింది.

“ఇంకోసారి ఆపి చూస్త మామా” అన్నాడు.