మీ క్యారెక్టర్‌కి ఇంటెలిజెన్స్ 8 వచ్చిందా? వాడు మొద్దు కాదు

ఈరోజు డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి మాట్లాడుకుందాం. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా: బల్ల చుట్టూ కూర్చుని ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలో పాత్ర ఆడతారు.

ఇప్పుడు మీరు బార్బేరియన్‌ని తీసుకున్నారు. చేతిలో 15, 14, 13, 12, 10, 8 ఉన్నాయి. పెద్ద నంబర్లు బలానికి పోతాయి, ఆ 8 తీసుకెళ్లి ఇంటెలిజెన్స్‌లో పడేస్తాం. ఇక ఆ రోజు నుంచి వాడి నోట్లోంచి "నేను... కొడతా" తప్ప ఇంకో మాట రాదు. ఎందుకండీ?

లెక్క చూడండి. ఐదో ఎడిషన్‌లో మామూలు మనిషికి 10. 8 అంటే మైనస్ 1, అంతే. 20 ముఖాల డైస్ మీద 15 లేదా అంతకంటే ఎక్కువ రావాల్సిన పనికి మామూలోడి ఛాన్స్ 30 శాతం, మనోడిది 25. ఐదు శాతం తేడాకి మనిషికి మాటలే రాకుండా చేసేస్తామా?

ఇంకోటి, ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిష్మా మూడూ వేరు. చదివింది గుర్తుండడం, ఆధారాలు కలిపి విషయం తేల్చడం ఇంటెలిజెన్స్. చుట్టుపక్కల గమనించడం, ఎదుటివాడి మనసు పట్టేయడం విజ్డమ్. కరిష్మా అంటే మాటతో మనుషుల్ని కదిలించడం. ఇంటెలిజెన్స్ 8, విజ్డమ్ 14 ఉన్నోడు రాజుగారి తాతల పేర్లు చెప్పలేడు. కానీ మంత్రి అబద్ధమాడుతున్నాడని ముందు పసిగట్టేది వాడే. రివర్స్‌లో, అన్ని పుస్తకాలూ చదివి కాళ్ల కింద గొయ్యి చూసుకోని మేధావి ఉంటాడు. నాకు తెలిసిన కోడర్లలో సగం ఈ బ్యాచే!

మరి ఎలా ఆడాలి? పరమానందయ్య శిష్యుల్ని గుర్తు తెచ్చుకోండి. ఏరు నిద్రపోతోందో లేదో అని కొరివి ముంచి చూస్తారు. చుయ్‌మంటే, అమ్మో మేలుకొనే ఉందని వెనక్కొస్తారు. అక్కడ లాజిక్ ఉంది, టెస్టింగ్ కూడా ఉంది! ఇన్‌పుట్ ఒక్కటే తప్పు. మీ క్యారెక్టర్‌కీ అలాంటి గట్టి నమ్మకాలు రెండు ఇవ్వండి. "కళ్లజోడు పెట్టుకున్నోళ్లంతా మంత్రగాళ్లే" లాంటివి. అక్కడి నుంచి వాణ్ణి బుద్ధిగా ఆలోచించనివ్వండి.

పజిల్ ఆన్సర్ మీకు తట్టి, మీ క్యారెక్టర్‌కి తట్టదనిపిస్తే? గంటసేపు నోరు కట్టేసుకుని కూర్చోవద్దు. ఆటగాడిగా పక్కవాళ్లకి చెప్పేయండి, విజార్డ్ నోటితో అనిపించండి. లేదా మనోడు అలసిపోయి సరిగ్గా ఆ మీట మీదే చెయ్యి ఆనించాడనండి.

ఒక్కటి మాత్రం వద్దు. మా టేబుల్‌లో ఒకతను తెలివి తక్కువ అంటే నత్తిగా మాట్లాడటం అనుకున్నాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి చిన్నప్పటి నుంచీ నత్తి. వాడు ఏమీ అనలేదు, మూడో వారం నుంచి రావడం మానేశాడు. మా డంజన్ మాస్టర్ మాట్లాడాక అతను ఆ గొంతు ఆపేశాడు గానీ, ఆ కుర్రాడి కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

అందుకే గొంతు సంగతి వదిలేసి, షీట్ వెనక మూడు లైన్లు రాసుకోండి: వీడికి ఏం తెలియదు, ఏం తప్పుగా నమ్ముతాడు, ఎవరి మాట వింటాడు. కరిష్మా తక్కువైన క్యారెక్టర్ల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.