కంటి ఎత్తున కెమెరా

పెళ్లిపందిట్లో అందరూ మండపం వైపు చూస్తుంటే నేను వీడియో తీసే అన్న వీపు వైపు చూస్తూ నిలబడేవాణ్ని. చేతిలో సన్‌గన్ లైటు. వెయ్యి వాట్ల హాలోజన్ వేడికి మోచేతి దాకా చెమట కారేది. అన్న కుడిభుజం కొంచెం వాలితే లైటు కుడికి తిప్పాలి. ఎడమ కాలు వెనక్కి పెడితే వైరు పక్కకు లాగాలి. నోరు తెరిచి చెప్పడానికి లేదు, చెప్తే ఆ మాట క్యాసెట్లో పడుతుంది. కోరుట్లలో కెమెరా గురించి నేను నేర్చుకున్న తొలి పాఠాలన్నీ ఒక మనిషి వీపు చూసి నేర్చుకున్నవే.

ఒక పెళ్లి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పెళ్లికూతురి బాపు దుబాయిలో ఉన్నాడు. సెలవు దొరకలేదు. ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని మా దిక్కు ఒక మాట ఉంది. బతుకుదెరువుకు మగవాళ్లు ఇల్లు విడిచిపోయే మూడు దారులు అవి. ఆయనది నడిమి దారి. అప్పగింతల వేళ అన్న ఆ పిల్లను దర్వాజ దగ్గర నిలబెట్టి, “బాపు గిండ్లకెల్లి చూస్తడు బిడ్డా, దండం పెట్టు” అన్నాడు. ఆ ఒక్క మాట క్యాసెట్లో పడినా ఫరవాలేదనుకున్నాడు. ఆ అమ్మాయి నల్లటి లెన్సులోకి చూసి రెండు చేతులూ జోడించింది. సరిగ్గా అప్పుడే నేను వైరు తొక్కాను. లైటు పోయింది.

మళ్లీ పెట్టించుకునే దండం కాదది. అన్న నన్ను తిట్టలేదు. తెల్లారి స్టూడియోలో ఆ ముక్క వేసి చూపించాడు. తెరంతా చీకటి, చీకట్లో ఏడుపు. “బొమ్మ పోయింది గానీ గొంతున్నది. దీన్ని కోసెయ్యొద్దు” అని అట్లనే ఉంచాడు. మూడు గంటల ఆ వీహెచ్ఎస్ క్యాసెట్ సెలవు ముగించుకుని తిరిగిపోతున్న ఎవరి సంచిలోనో, మామిడికాయ తొక్కు డబ్బా పక్కన, దుబాయి చేరింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో కెమెరా పట్టినవాళ్లను ‘ఎక్కడ నేర్చుకున్నవు’ అని అడగండి. నూటికి తొంభై మంది ఏదో ఒక స్టూడియో పేరు చెప్తారు. మొదటి ఏడు బ్యాగు మోయడం. తర్వాత లైటు. ఆ తర్వాత స్టాండు మీద రెండో కెమెరా. చివరకు మిక్సింగ్, అంటే ఎడిటింగ్. ఈ చదువులో ఒక గొప్ప బలం ఉంది. పెళ్లికి రీటేక్ ఉండదు. జీలకర్ర బెల్లం ముహూర్తం సెకను కూడా ఆగదు. తలంబ్రాలు ఎటు నుంచి పడతాయో, ఎదురుకోళ్లలో ఏ మేనమామ ముందుకొస్తాడో, మైలపోలు దగ్గర ఏ అవ్వ కళ్లు తుడుచుకుంటుందో ఒక క్షణం ముందే పసిగట్టాలి. పెద్ద పెద్ద డాక్యుమెంటరీ కెమెరామెన్ ఏళ్ల తరబడి సాధన చేసే విద్య ఇది. మావాళ్లకు మాఘమాసం ముహూర్తాల్లోనే అబ్బుతుంది.

అయితే ఆ చదువు సగంలోనే ఆగిపోతుంది. కెమెరా నెత్తిన లైటు పెట్టి కొడితే ముఖం పిండిముద్దలా చదునుగా పడుతుందని, ఆ లైటునే పక్కకు జరిపితే ముక్కూ చెంపా విడిగా లేస్తాయని చెప్పేవాళ్లుండరు. సౌండైతే అసలు పట్టదు. క్యాసెట్ నిండా సినిమా పాట పరిస్తే సరిపోతుందనుకున్న రోజులవి. తాతలు పాడిన పాటలు, అవ్వలు పెట్టిన దీవెనలు ఎన్ని ఆ సినిమా పాటల కింద పడి నలిగిపోయాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పటేలు షాట్, సంఘం షాట్

పాఠం దగ్గరే ఒక ముచ్చట చెప్పాలి. మా జిల్లాలది కాదు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చిరుధాన్యాలు పండించే దళిత మహిళలు, అక్షరం రానివాళ్లు, 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకోవడం మొదలుపెట్టారు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అనే పుస్తకపు మాటలు వాళ్లకు అక్కరలేకపోయాయి. పైనుంచి కిందికి చూస్తే ఎదుటి మనిషి చిన్నగా కనిపిస్తాడు. పటేలు తమను చూసేది అట్లనే కాబట్టి అది ‘పటేలు షాట్’. కింద కూర్చుని పైకి చూస్తే జీతగాడి చూపు. అందరూ ఒకే చాప మీద కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకునేటట్టు కెమెరా పెడితే అది ‘సంఘం షాట్’.

సినిమా వ్యాకరణం మీద నేను చదివిన పాఠాల్లో ఇంతకంటే లోతైనది లేదు. కెమెరా ఎంత ఎత్తున ఉందన్నది ఎవరు ఎవరిని ఎట్లా చూస్తున్నారనే లెక్కతో ముడిపడి ఉందని ఆ తల్లులకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది, బతుకంతా ఆ లెక్కలోనే గడిపారు. వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల గోస మీద తీసిన చిత్రం దేశం దాటి వెళ్లింది. 2008లో సంఘం రేడియో మొదలైంది. వాళ్లకు వెన్నుదన్నుగా నిలిచిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

పటేలు షాట్, సంఘం షాట్ అన్న ఆ మాటలు జగిత్యాల, సిరిసిల్ల మనిషికి ఇంకా గట్టిగా తగులుతాయి. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర సాగిన నేల ఇది. ఆ ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొర గడీ మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డ జ్ఞాపకం ఇక్కడి ముసలివాళ్లలో పచ్చిగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన కెమెరాలూ చాలావరకు పైనుంచే చూశాయి. 24 గంటల వార్తల కాలం వచ్చాక మండలానికొక విలేకరి గంట నిడివి మినీ డీవీ టేపుతో తిరిగేవాడు. టీవీకి మా దగ్గర్నుంచి కావలసినవి రెండే బొమ్మలు. ఒకటి సిరిసిల్లలో ఉరేసుకున్న నేత కార్మికుడి ఇల్లు. రెండోది గల్ఫ్ నుంచి వచ్చిన శవపేటిక. ఆ దుఃఖం నిజమే, దాన్ని లోకానికి చూపాల్సిందే. కానీ ఆ ఇంటి వాకిట్లో మైకు ముఖం మీద పెట్టి ‘ఏమనిపిస్తోందమ్మా’ అని అడగడం నేర్పిన పాఠం తప్పు. ఏడ్చేదాకా ఆగి, ఏడవగానే కెమెరా కట్ చేసి వెళ్లిపోవడం చూశాను. ఇప్పటికీ నాకు మనసొప్పదు.

లంబాడిపల్లి వాకిలి

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. కొండగట్టు అంజన్న గుట్టకు దగ్గరి ఊరు. 2012లో శ్రీరాం శ్రీకాంత్ ఇక్కడ ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్ మొదలుపెట్టాడు. అప్పటికి ఊళ్లలో ఇంటర్నెట్ అంటే చుక్కలు లెక్కపెడుతూ కూర్చోవడమే. కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చి నాలుగేళ్లయింది. ఫొటోలు తీసే కెమెరాతోనే సినిమాలాంటి వీడియో తీయొచ్చన్న సంగతి మా స్టూడియోలకు అప్పుడప్పుడే ఎక్కుతోంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, అక్టోబర్‌లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. అటు తర్వాత మస్కట్‌లో, దుబాయిలో పని నుంచి వచ్చి గదిలో నడుం వాల్చిన మా మామలు, తమ్ముళ్లు ఫోన్లో తమ ఊరి వాకిలిని చూసుకోగలిగారు.

ఆ వాకిట్లోనే గంగవ్వ కనిపించింది. పెద్దగా చదువుకోలేదు. పొలం పనులు చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని సాకిన మనిషి. ఆమె నటన గురించి చాలామంది రాశారు. నాకు ముచ్చటేసేది ఆమె ఎదురుగా కెమెరా పెట్టిన తీరు. ఆమె గద్దెమీద కూర్చుంటే కెమెరా గద్దె ఎత్తున, నేలమీద కూర్చుంటే నేల ఎత్తున ఉంటుంది. ఆమె తిట్టు తిట్టినట్టే వినిపిస్తుంది, ఎవరూ కడిగి శుభ్రం చెయ్యరు. తెలంగాణ యాస అంటే విలన్‌కో కమెడియన్‌కో అప్పగించిన కాలం చూసినవాళ్లకు అది ఎంత పెద్ద సంగతో తెలుసు. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో, 2020లో బిగ్‌బాస్ ఇంట్లో లోకమంతా చూసిన గంగవ్వ ముందు ఆ వాకిట్లోని గంగవ్వే.

ఆ చానల్‌ను ఒక బడిగా కూడా చూడాలి. రాసిన కుర్రాడే నటిస్తాడు, నటించినవాడే మర్నాడు బూమ్ మైకు పట్టుకుంటాడు, రాత్రికి ఎడిటింగ్‌కు కూర్చుంటాడు. వారం తిరిగేసరికి వేల మంది కింద కామెంట్లలో తప్పులు దిద్దిపెడతారు. ఇంత కఠినంగా, ఇంత వేగంగా మార్కులు వేసే పరీక్ష ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటుంది? అందులో పెరిగిన అనిల్ జీల 2025 ఆగస్టులో జీ5లో వచ్చిన ‘మోతెవరి లవ్ స్టోరీ’ సిరీస్‌లో కథానాయకుడయ్యాడు. దర్శకుడు శివకృష్ణ బుర్రా కూడా ఆ వాకిటివాడే.

మగ్గాల మధ్య మైకు

సిరిసిల్లలో షూటింగ్ అంటే ముందు చెవికి పరీక్ష. మరమగ్గాల షెడ్డులో అడుగుపెడితే పక్కమనిషి మాట వినపడదు. కాలర్ మైకు పెట్టినా టకటక తప్ప మరేదీ దొరకదు. ఇక్కడ పని చేసిన వాళ్లు నేర్చుకున్న కిటుకు చాలా తేలిక. మాటలు షెడ్డు బయట, చాయ్ తాగే వేళ రికార్డు చేసుకోవాలి. మగ్గం చప్పుడును విడిగా, మనుషులెవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు పట్టుకోవాలి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడును మాట కింద సన్నగా పరిస్తే షెడ్డూ ఉంటుంది, మనిషీ ఉంటాడు. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన క్షణం దొరికితే అదృష్టం. ఆ నిశ్శబ్దాన్ని కూడా తప్పకుండా రికార్డు చేసుకోవాలి.

రెండో చిక్కు ట్యూబులైట్లతో. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఆ లైట్లు కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోను సొంత లెక్కతో సెకనుకు 30 ఫ్రేములు, అరవయ్యో వంతు షట్టర్ పెట్టుకుంటే బొమ్మ మీద నల్లటి చారలు పాకుతాయి. 25 ఫ్రేములు, యాభయ్యో వంతు షట్టర్ పెట్టగానే చారలు మాయమవుతాయి. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక, కెమెరా చెడిపోయిందని రిపేరుకు తిప్పిన తమ్ముళ్లు నాకు తెలుసు.

ఎండ సంగతీ అంతే. ఏప్రిల్ మధ్యాహ్నం జగిత్యాల మామిడితోటలో ఆకాశాన్ని చూసి కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించుకుంటుంది. రైతు ముఖం బొగ్గులా పడుతుంది. మన నల్లటి ముఖాల్లో ఎన్ని వన్నెలున్నాయో ఆటోమేటిక్ మీటకు తెలియదు. ఆకాశం తెల్లబడితే తెల్లబడనిచ్చి ముఖానికి వెలుతురు కొలవాలి. లేదా పశులు ఇంటికొచ్చే యాళ్ల దాకా ఆగాలి.

అట్లా ఆగి, ఓపిక పట్టి తీసిన సినిమా ‘బలగం’. తెరమీద నవ్వులు పంచిన సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి దర్శకుడై, తన నేల చుట్టుపక్కల ఊళ్లలోనే తీశాడు. ఆచార్య వేణు కెమెరాకు లాస్ ఏంజెలెస్ సినిమాటోగ్రఫీ అవార్డుల్లో గుర్తింపు దక్కింది. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారం అందుకున్నారు. ఇవన్నీ సంతోషమే. కానీ 2023 ఏప్రిల్‌లో పల్లెపల్లెనా తెరలు కట్టి, చాపలు పరిచి, ఊరంతా కూర్చుని ఆ సినిమా చూసిన రాత్రులే దానికి పెద్ద బహుమతి. తోడబుట్టినవాళ్ల పంచాయితీని కంటి ఎత్తున చూపిస్తే, చాప మీద పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ములు కళ్లు తుడుచుకున్నారు.

ఇంత జరిగినా, ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలంటే మా పిల్లలు ఇప్పటికీ హైదరాబాద్ బస్సే ఎక్కాలి. 2011లో మొదలైన అన్నపూర్ణ ఫిల్మ్ స్కూల్ అక్కడే ఉంది. పుణె ఇన్‌స్టిట్యూట్ ఇంకా దూరం, అయితే 2017 నుంచి ఆ సంస్థ చిన్న చిన్న కోర్సులను ఊళ్ల దాకా తీసుకొస్తోంది. అటువంటివి జగిత్యాల డిగ్రీ కాలేజీలోనో, సిరిసిల్ల పాలిటెక్నిక్‌లోనో సాయంత్రం పూట మూడు నెలలు నడిపితే ఎంత మేలు! కెమెరా కొనివ్వక్కరలేదు, అది ప్రతి జేబులో ఉంది. కావలసింది లైటు ఎక్కడ పెట్టాలో, మైకు ఎంత దూరాన ఉండాలో, కథను ఎక్కడ కొయ్యాలో చెప్పే మనిషి. వీడియో హక్కులు ఎవరివో, కాగితం మీద సంతకం పెట్టేముందు ఏం చదవాలో చెప్పే మనిషి కూడా.

ఆ తరగతిలో సగం మంది ఆడపిల్లలు ఉండాలని నా పట్టుదల. మైలపోలు, వడిబియ్యం, సీమంతం అన్నీ ఆడవాళ్ల మధ్య జరిగే వేడుకలు. కెమెరా వెనక మగవాడు నిలబడగానే కొంగు సర్దుకుని నవ్వు ఆపుకునే ఆడవాళ్లను వందలసార్లు చూశాను. అక్కడ కెమెరా ఒక చెల్లె చేతిలో ఉంటే ఆ నవ్వు ఆగదు. పస్తాపూర్‌లో పాతికేళ్ల కింద సాధ్యమైంది కోరుట్లలో ఇవాళ ఎందుకు కాదు?

ఈమధ్య ఒక ఆవిడ పాత క్యాసెట్ తెచ్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇమ్మంది. బాపు పోయాడట, ఆయన పెట్టెలో అడుగున దొరికిందట. అంచులకు బూజు పట్టింది. మెల్లగా తుడిచి ఎక్కించాం. చారల మధ్య నుంచి ఎదురుకోళ్లు, తలంబ్రాలు కదిలాయి. ఆ దర్వాజ వచ్చేసరికి నేను గుర్తుపట్టాను.

పిల్ల పొట్టిది. అన్న ఆరడుగుల మనిషి. భుజం మీది కెమెరా ఆమెను పైనుంచి చూడాలి. కానీ తెరమీద ఆమె కళ్లు సూటిగా మా కళ్లలోకి చూస్తున్నాయి. దండం కోసం చేతులు లేస్తుండగా బొమ్మ చిన్నగా ఊగి, కిందికి దిగి నిలబడింది. అన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన అట్లా ఒక్కసారిగా కిందికి దిగినందుకే నేను తడబడి వెనక్కి అడుగు వేశాను. మరుక్షణం తెరంతా చీకటి.

“ఆపకు” అంది ఆవిడ. చీకట్లోంచి ‘బాపూ’ అని ఆమె పెళ్లినాటి గొంతు వినిపిస్తోంది.