కుబుసం విడవలేని పాము

కొండగట్టు మెట్లెక్కేటప్పుడు దారి పక్కన బండల మధ్యకు ఎప్పుడైనా చూశారా? కోతులు అందరికీ కనిపిస్తాయి. కాని ఏ ముళ్లపొదకో చిక్కుకొని గాలికి రెపరెపలాడుతున్న పల్చని తెల్లని గొట్టం కొందరి కంటనే పడుతుంది. అది పాము కుబుసం. బండ సందులో చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే ఒక్క నిమిషం దాన్ని పరిశీలించండి. పొలుసుల అచ్చు ఎంత చక్కగా దిగిందో చూడండి! తలభాగంలో రెండు గుండ్రని అద్దాలవంటి బిళ్లలు కూడా కనిపిస్తాయి. అవేమిటో కాసేపట్లో తెలుసుకుందాం.

పాము చర్మానికి పైన కెరాటిన్ అనే గట్టి పదార్థంతో తయారైన పొర ఉంటుంది. మన గోళ్లూ వెంట్రుకలూ తయారయ్యేది కూడా కెరాటిన్‌తోనే. మన శరీరం మీది చర్మం కంటికి కనిపించని పొట్టుగా రోజూ రాలిపోతూనే ఉంటుంది. పాము మాత్రం పాత పొరనంతా ఒక్కసారిగా విడుస్తుంది. త్వరగా ఎదిగే పిల్లపాములు తరచుగానూ, పెద్దవి ఏడాదికి కొన్నిసార్లూ కుబుసం విడుస్తాయి.

ఇదెలా జరుగుతుంది? పాత పొర కింద కొత్త పొర తయారవుతుంది. రెండింటి మధ్యకు ఒక ద్రవం ఊరి, వాటిని విడదీస్తుంది. అప్పుడు పాము రంగు మాసిపోతుంది, కళ్లు పాలు కలిసిన నీలంగా మారతాయి. చూపు సరిగా ఆనదు కనుక పాము చాటున దాక్కుంటుంది, చిరాకుగా ఉంటుంది. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. తర్వాత పాము తన ముక్కును గరుకు రాతికి రుద్దుతుంది. పెదవుల దగ్గర పొర చిట్లుతుంది. ఇక ముందుకు పాకుతూంటే కాలి మేజోడు తిరగబడ్డట్లు కుబుసం లోపలిభాగం పైకి వచ్చి ఊడిపోతుంది. పాముకు కనురెప్పలు లేవు. వాటికి బదులు కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసంలో మీరు చూసిన అద్దపు బిళ్లలు అవే.

ఇంత పని సవ్యంగా సాగడానికి పాముకు ఏమేమి కావాలి? తాగడానికి నీరు, గాలిలో తగిన తేమ, కడుపునిండా ఆహారం, ఒరుసుకోవడానికి గరుకు రాయి, వెచ్చదనానికి ఎండ, చల్లదనానికి నీడ. బండరాళ్లూ పొదలూ ఉన్న కొండమీద ఇవన్నీ పాము తానే వెతుక్కోగలదు. ఇప్పుడు పాములవాని బుట్టను ఊహించండి. వీటిలో ఒక్కటైనా అందులో ఉందా?

బుట్టలో బంధించిన పాము ఒళ్లు ఎండిపోతుంది. కుబుసం ముక్కలుముక్కలుగా ఊడి, కొంత అంటుకొనే ఉండిపోతుంది. తోక చివర మిగిలిన పొర ఉంగరంలా బిగుసుకుంటే రక్తప్రసారం ఆగి ఆ కొస చచ్చుబడవచ్చు. కంటిబిళ్ల ఊడకపోతే చూపు మసకబారుతుంది. తడి, మురికి చేరితే మరో ప్రమాదం. పొట్ట కింది పొలుసులు ఎర్రబడి, బొబ్బలెక్కి, పుండ్లవుతాయి. వాటిద్వారా బాక్టీరియా రక్తంలో ప్రవేశిస్తే పాము చనిపోవచ్చు.

ఇక పురుగుల సంగతి. పశువులకు పట్టే పిడుదులకు చుట్టమైన ఒక సూక్ష్మమైన పురుగు, గసగసాల గింజంత ఉంటుంది, పొలుసుల సందుల్లో, కళ్ల చుట్టూ చేరి రక్తం పీలుస్తుంది. దీన్ని మైట్ అంటారు. ఇది పట్టిన పాము గంటల తరబడి నీళ్లలోనే పడి ఉంటుంది. శిలీంధ్రాలు, అంటే బూజు జాతి జీవులు కూడా పాము చర్మానికి శత్రువులే. 2006లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో అడవి గిలకపాములు చర్మంపై పుండ్లతో చనిపోవడం శాస్త్రజ్ఞులను కలవరపెట్టింది. ఆ తర్వాత ఇలాంటి జబ్బుకు కారణమైన శిలీంధ్రాన్ని గుర్తించారు.

మరి వైద్యం? జంతుప్రదర్శనశాలల్లోనూ, పాములు పెంచే దేశాల్లోనూ మొదట పాము ఉండే చోటునే సరిచేస్తారు. కుబుసం అంటుకుపోతే గోరువెచ్చని నీటితో తడిపిన గుడ్డలున్న పెట్టెలో కాసేపు ఉంచుతారు. పొర నాని తనంతట తానే వదులవుతుంది. దాన్ని గోళ్లతో పీకకూడదు. కంటిబిళ్లను చిమటాతో లాగితే కన్నే పోవచ్చు! బొబ్బలు వస్తే పక్కను పొడిగా, శుభ్రంగా మార్చి, అయోడిన్ మందును పలచన చేసి పుండ్లు కడుగుతారు. అవసరమైతే పశువైద్యుడు సూదిమందు ఇస్తాడు. మైట్లు పడితే పాముతోపాటు పెట్టెనంతా శుద్ధి చేయాలి, ఎందుకంటే వాటి గుడ్లు పగుళ్లలో దాగి ఉంటాయి. పాములను ముట్టుకున్నవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటివల్ల సాల్మొనెల్లా అనే బాక్టీరియా మనకు సోకవచ్చు.

పాములను బంధించినా జాగ్రత్తగా చూసుకోవచ్చనడానికి మద్రాసు దగ్గర 1978లో ఏర్పడిన ఇరులవారి సహకార సంఘం ఒక ఉదాహరణ. విషానికి విరుగుడు మందు తయారీ కోసం వీరు పాములను పట్టి, మట్టికుండల్లో కొద్ది వారాలు మాత్రమే ఉంచి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు.

మన ఇళ్లలో మాత్రం ఆ ప్రయత్నం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను పట్టడం, పెంచడం నేరం.

శ్రావణంలో నాగపంచమి వస్తుంది. బుట్టలోని పాము పాలు తాగితే చూసేవారు మురిసిపోతారు. పాలు పాముకు ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్లివ్వక ఎండగట్టిన పాము దాహం తాళలేక ఏ ద్రవాన్నయినా తాగుతుంది. కోరలు పీకేస్తే నోటిలో పుండ్లు పడతాయి. చల్లిన పసుపుకుంకుమలు కళ్లలో పడి మరింత బాధిస్తాయి.

ఈసారి అలాంటి పామును చూస్తే దూరంగా నిలబడే దాని ఒళ్లు గమనించండి. పాత పొర ముక్కలు అంటుకొని ఉన్నాయా? పొలుసులు మెరుపు లేకుండా ముడుచుకున్నాయా? అయితే అది జబ్బుతో ఉన్నదన్నమాట. డబ్బు వేయకండి, పాలు పోయకండి. పెద్దల ద్వారా అటవీశాఖకు కబురు చేయండి. ఆ పాముకు కావలసిన వైద్యశాల, గుట్టమీద మీరు చూసిన ఆ బండల సందులోనే ఉంది.