తేలికపాటి ప్యాకేజింగ్ - పర్యావరణ ప్రయోజనాలు: తాండూరు కందిపప్పు నేపథ్యం

కీలకపదాలు: తాండూరు కంది, గోనెసంచి, ప్యాకేజింగ్, ప్లాస్టిక్ వ్యర్థాలు, పునర్వినియోగం.

1. ఉపోద్ఘాతం:

వికారాబాద్ జిల్లాలోని తాండూరు ప్రాంతం నాపరాతికి, సిమెంటుకు, కందికి ప్రసిద్ధి. ఇక్కడి నల్లరేగడి నేలల్లో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. గోనెసంచిలోంచి విడిగా తూచి అమ్మే పప్పుతో ఆ గుర్తింపు కొనుగోలుదారు దాకా చేరదు. కిలో, అరకిలో ప్యాకెట్లపై పేరు ముద్రించినప్పుడే చేరుతుంది. అయితే ప్యాకెట్లతో పాటు వ్యర్థాలూ పెరుగుతాయి. తేలికపాటి ప్యాకేజింగ్ ఈ సమస్యను ఎంతవరకు తీర్చగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. బరువు లెక్క:

50 కిలోల ఆహారధాన్యాలకు వాడే ప్రామాణిక గోనెసంచి బరువు 580 గ్రాములు. అదే పరిమాణం గల పాలీప్రొపిలీన్ నేత సంచి 130 గ్రాములు ఉంటుందనుకుందాం. 10 టన్నుల పప్పుకు 200 సంచులు కావాలి. గోనెసంచుల బరువు 116 కిలోలు, ప్లాస్టిక్ సంచుల బరువు 26 కిలోలు. తేడా 90 కిలోలు. మొత్తం సరుకులో ఇది ఒక శాతం కన్నా తక్కువ కాబట్టి రవాణా ఇంధనంలో ఆదా స్వల్పమే. అసలు ఆదా ముడిపదార్థంలో ఉంది.

ఈ లెక్క సంచిని ఒక్కసారే వాడితే వర్తిస్తుంది. గోనెసంచిని ఐదుసార్లు వాడితే ఒక్కో వాడకానికి పడే బరువు 116 గ్రాములు. అప్పుడు ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సంచి కన్నా గోనెసంచే తేలిక.

3. చిల్లర ప్యాకెట్లు:

చిల్లర ప్యాకెట్ తిరిగి రాదు. కాబట్టి ఇక్కడ బరువు తగ్గింపుకు నిజమైన విలువ ఉంది. ఒక్కో కిలో ప్యాకెట్‌ను 8 గ్రాముల నుంచి 6 గ్రాములకు తగ్గిస్తే 10 టన్నుల పప్పుపై 20 కిలోల ప్లాస్టిక్ మిగులుతుంది. ప్లాస్టిక్ వ్యర్థాలపై ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యతను బరువు ప్రకారమే లెక్కిస్తారు. అందువల్ల ఆ బాధ్యత వర్తించే వ్యాపార సంస్థలకు ఆర్థిక భారమూ తగ్గుతుంది.

4. పరిమితులు:

పలుచదనం కోసం వేర్వేరు ప్లాస్టిక్ పొరలను అతికిస్తే వాటిని విడదీసి పునఃచక్రీయం చేయడం కష్టం. మరీ పలుచనైన ప్లాస్టిక్‌ను ఏరినా ఏరేవారికి గిట్టుబాటు కాదు. 2021 నాటి నియమాల సవరణ క్యారీ బ్యాగుల కనీస మందాన్ని తొలుత 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచడం గమనార్హం. పైగా ప్యాకెట్ చిరిగితే నష్టపోయేది రెండు గ్రాముల ప్లాస్టిక్ కాదు, కిలో పప్పు. దాని వెనుక ఒక పంటకాలపు నేల, నీరు, శ్రమ ఉన్నాయి.

5. ముగింపు:

తేలికదనాన్ని సంచి బరువుతో మాత్రమే గాక, ఎన్నిసార్లు వాడారు, చివరికి ఎక్కడికి చేరింది అన్న ప్రశ్నలతో కలిపి కొలవాలి. టోకు రవాణాకు తిరిగి వచ్చే గోనెసంచి, చిల్లర అమ్మకానికి తేమనూ పురుగునూ ఆపగల, ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన పలుచని ప్యాకెట్ తాండూరు పప్పు వ్యాపారానికి అనువైనవి. పేరు నిలబెట్టిన నేలపైనే ఆ పేరు ముద్రించిన వ్యర్థం పేరుకుపోకుండా చూడడం ఆ గుర్తింపును కాపాడుకోవడంలో భాగమే.